ఎడమవైపు బంతి

మా మామగారు బస్సుల్లో టికెట్లు తనిఖీ చేసే ఇన్‌స్పెక్టరు. ఆయన లెక్కలో లోకంలో ప్రతివాడూ టికెట్ లేని ప్రయాణికుడే, కాకపోతే కొందరు ఇంకా దొరకలేదు. పాల ప్యాకెట్‌ని కూడా వెలుతురుకి పెట్టి చూస్తారు. నేను కాపురానికి వచ్చిన కొత్తలో గ్యాస్ కాస్త ముందుగా అయిపోతే, అంత గ్యాస్‌నీ నేను పుట్టింటికి ఎలా చేరవేశానా అని పైకే ఆరా తీసిన మహానుభావుడు. ఆ మాట నేనింకా మర్చిపోలేదు.

దొంగల్ని పట్టడంలో ఆయనకో పద్ధతుంది. బస్సెక్కగానే టికెట్లు అడగరట, ముందు మొహాలు చూస్తారట. ఎవరు చూపు తప్పిస్తే నేరుగా వాళ్ళ దగ్గరికే వెళతారట. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా గురి తప్పలేదని మురిసిపోతూ చెబుతుంటారు.

ఆయన అనుమానించని ప్రాణి ఒక్క మా ఆడపడుచే. ఆ పిల్ల ఎత్తు చూసి అందరూ నిచ్చెన అంటారు. స్కూల్లో చివరి వరసలో వంగి నిలబడే పిల్లని డ్రిల్లు మాస్టారు పిలిచి బాస్కెట్‌బాల్ చేతిలో పెట్టాడు. అప్పట్నించి వంగడం మానేసింది. కాలేజీలో ఫీజు లేకుండా సీటొచ్చింది ఆ ఆట వల్లే. మొదటి ఏడాదంతా బెంచీ మీద కూర్చుని ఆడేవాళ్ళకి తువ్వాళ్ళు అందించింది. రెండో ఏడు జట్టులో కుదురుకుంది, ఆ ఏడే కాలేజీ ఎన్నడూ లేనిది ఫైనల్ ఆడింది. ఇది ఆఖరి ఏడు. విద్యుత్ సంస్థ జట్టులోకి తీసుకుంటే ఆటకి ఆటా ఉంటుంది, ఉద్యోగానికి ఉద్యోగమూ వస్తుంది. తీసుకోకపోతే డిగ్రీతో పాటే ఆటా ముగిసిపోతుంది. ఇంట్లో అందరం దాని మీదే ప్రాణాలు పెట్టుకుని ఉన్నాం.

కెప్టెన్‌ని బొంగరం అంటారు. పొట్టిది, కోర్టంతా గిర్రున తిరుగుతూ ఉంటుంది. బంతి ముందుకి తెచ్చి ఎవరికి అందించాలో తేల్చేది ఆ అమ్మాయే. హాస్టల్లో నిచ్చెనా తనూ ఒకే గది.

ఈ ఏడు మామగారు ప్రతి ఆటకీ బయల్దేరుతున్నారు. ఆ గోల నావల్ల కాదని అత్తగారు తప్పించుకోవడంతో తోడుగా నేను ఇరుక్కుపోయాను. మొదటి ఆటలోనే ఆయన నన్ను మోచేత్తో పొడిచారు. నిచ్చెన రింగు దగ్గర ఖాళీగా నిలబడి ఉంది. ఆమెకి ఎడమ పక్కన బొంగరం, చేతిలో బంతి. ఇవ్వలేదు. వెనక నుంచి చుట్టూ తిరిగి, కుడిపక్కకి పోయి, అప్పుడిచ్చింది. ఈలోపు అవతలి వాళ్ళు ఇద్దరొచ్చి అడ్డం నిలబడ్డారు. తర్వాతి ఆటలోనూ అదే తంతు. ఆయన అనుమానాలకి నవ్వుకునే నేనే, కొన్నాళ్ళకి ఆ అమ్మాయి బంతి పట్టుకుంటే పళ్ళు కొరకడం మొదలుపెట్టాను. ఇల్లంతా పాకే జబ్బు అది, నాకూ అంటుకుంది.

ఒకరోజు ఆట కాగానే ఆయన బొంగరం దగ్గరికెళ్ళి, మా అమ్మాయికి బంతులు సరిగా అందడం లేదేమమ్మా అని నవ్వుతూనే అడిగారు. ఆ పిల్ల తలొంచుకుని బూటు లేసు సవరించుకుంది. ఇంకేముంది, ఆయనకి నిర్ధారణ అయిపోయింది.

"చూపు తప్పించింది చూశావా? నా బిడ్డ పైకొస్తుంటే ఓర్వలేకపోతోంది."

ఆ ఆదివారం నిచ్చెన ఇంటికొస్తే కూతురి ముందే ఆ పంచాయితీ పెట్టారు. బొంగరాన్ని ఒక్క మాటన్నా ఊరుకోనని ఆమె సగం అన్నం వదిలేసి లేచిపోయింది. సిగ్గుండాల్సింది మాకు. మామగారు మాత్రం పిల్లని బెదిరించి నోరు నొక్కేశారని తేల్చారు. నిజం చెప్పొద్దూ, నేనూ అలాగే అనుకున్నాను.

సంస్థ తరఫున సెలెక్టరు వచ్చిన రోజు కాలేజీ ఇండోర్ హాల్లో ఆట పెట్టారు. నిచ్చెన చెలరేగిపోయింది. ఆట అయ్యాక సెలెక్టరు ఇద్దరమ్మాయిల్నీ పిలిచాడు. మేమూ మెట్లు దిగి వెళ్ళాం. ఈ ఇద్దరినీ కలిపే తీసుకుంటానని, ఇంత బాగా కుదిరిన జోడీని విడదీయడం తెలివితక్కువని అన్నాడు. నిచ్చెన బొంగరాన్ని అమాంతం ఎత్తుకుంది. నాకు కళ్ళనీళ్ళాగలేదు. ఇంకో తండ్రయితే ఆ సెలెక్టరు చేతులు పట్టుకుని దండం పెట్టేవాడు.

మా మామగారు గొంతు సవరించుకున్నారు. తన కూతురు అక్కడ కూడా ఈ అమ్మాయి చేతి కిందే ఆడాలా అని అడిగారు. ఎడమ పక్కనుంచి బంతే ఇవ్వదనీ, కావాలనే తొక్కేస్తోందనీ చెప్పుకుపోయారు. నేను చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడ్డాను కానీ ఆపలేదు.

"అనుమానమైతే ఇప్పుడే తేల్చుకుందాం సార్. ఏదీ, ఎడమ పక్కనుంచి వెయ్యమనండి" అన్నారు మామగారు సెలెక్టరుతో.

బొంగరం బంతిని పొట్టకి అదుముకుంది. "వద్దు అంకుల్" అంది. ఆ ఒక్క మాటే అంది, అదీ చూపు తప్పించే. దాంతో మామగారికి పూనకం వచ్చినట్టయింది. బంతి లాక్కుని, ఎడమ పక్కనుంచి కూతురి వైపు తనే విసిరారు.

నిచ్చెన చెయ్యెత్తలేదు. తల కూడా తిప్పలేదు. బంతి చెంపకి తగిలి పక్కకి దొర్లిపోయింది.

పరధ్యానంలో ఉన్నాననీ, ఇంకొకటి వేస్తే పట్టుకుంటాననీ నిచ్చెన నవ్వడానికి ప్రయత్నిస్తూ అంటోంది. సెలెక్టరు నవ్వలేదు. రింగు వైపు చూస్తూ కదలకుండా నిలబడమని ఆమెకీ, అక్కణ్ణించే మళ్ళీ వెయ్యమని ఈయనకీ చెప్పాడు.

బంతి తీసుకోవడానికి మామగారు ఇటొచ్చారు. బొంగరం ఆయన పక్కనే వంగి మెల్లగా అంది.

"తనకి ఎడమ కన్ను కనపడదు అంకుల్. పోయిన సీజన్లో వేలు పొడుచుకుంది. తెలిస్తే ఆడనివ్వరని ఎవరికీ చెప్పొద్దంది. అందుకే నేను కుడిపక్కకి పోయి ఇస్తున్నా."

ఆ మాట నాకూ వినపడింది. ఆ పిల్ల మీద నేను పళ్ళు కొరికిన రోజులన్నీ గుర్తొచ్చి అక్కడే ఏడవాలనిపించింది.

మామగారు బంతి తీసుకుని లేచారు. ఒకడుగు, ఇంకో అడుగు, ఏమీ ఎరగనట్టు కూతురి కుడిపక్కకి జరగడం మొదలుపెట్టారు. జీవితంలో మొదటిసారి ఆ మనిషి మోసం చెయ్యబోయారు.

"అటు కాదండీ, ఎడమ పక్కనుంచే" అన్నాడు సెలెక్టరు.

ఆయన వెనక్కి వచ్చారు. బంతి ఎత్తారు, మళ్ళీ దించారు. కాసేపలా నిలబడి, చప్పుడు కాకుండా వంగి, బంతిని కాళ్ళ దగ్గర నేల మీద పెట్టేశారు. సెలెక్టరు చూశాడు, బొంగరం చూసింది, నేనూ చూశాను.

నిచ్చెన మాత్రం రింగు వైపే చూస్తూ, రెండు చేతులూ ఎడమ పక్కకి చాచి నిలబడి ఉంది.

"వెయ్యి నాన్నా" అంది. "ఈసారి పట్టుకుంటా."