కొరికి చూసిన గింజ

వదిన గోదాములో బస్తాల వెనక్కి తొంగి చూసి బిగుసుకుపోయింది.

"ఈ వెనక వరసలో ఒక బస్తా ఉండాలి. ఏమైంది?"

మరిది చెమట తుడుచుకుంటూ నవ్వాడు. "గడ్డం బార్లీయేగా! మామూలు బార్లీలో ఎలా కలిసిపోయిందో గానీ, కొరకగానే పట్టేశాను వదినా. ఆ తియ్యదనం ఇంక దేనికుంటుంది? మిగతా గడ్డం గింజలతో కలిపి నానబెట్టేశా. మొలకలొచ్చాయి. ఇప్పుడే బట్టీలో పరిచి కింద నిప్పు పెట్టి వస్తున్నా."

వదిన మొహంలో నెత్తురు చుక్క లేదు.

కంకికి పొడుగాటి గడ్డం ఉండే ఆ పాత రకాన్ని అందరూ ఎప్పుడో వదిలేశారు. ఆమె మేనమామ ఎక్కడో గుప్పెడు గింజలు సంపాదించి, పంట వెనక పంటగా పెంచుకొచ్చాడు. విస్కీ కాచడానికి సరిపడా పండింది ఈ ఏడే. విత్తనానికని ఒక్క బస్తా పక్కన పెట్టారు. వాళ్లకు తెలిసినంతలో ఆ గింజ ఇంకెక్కడా లేదు.

"అది విత్తనం నాయనా!"

"మరి చీటీ లేదేం?"

"నేనే పీకేశా. ఎవరైనా ఎత్తుకుపోతారని మామూలు బస్తాల్లో దాచా."

"నాకొక్క మాట చెప్పొచ్చుగా!"

"నీ కడుపులో మాట దాగి చచ్చిందెప్పుడు?"

అప్పటికే ఇద్దరూ పరుగెడుతున్నారు.

బట్టీ గది తలుపు తీయగానే వేడి మొహాన కొట్టింది. కింద పొయ్యి, పైన చిల్లుల ఇనపరేకు, దాని మీద మోకాలి లోతున మొలకెత్తిన బార్లీ. ఆ వేడికి మొలక చావాలి. విస్కీకి కావలసింది అదే.

మరిది పొయ్యిలోని నిప్పులను పారతో బయటికి ఈడ్చాడు. వదిన చెప్పుల్లేకుండా పైపొర మీదికెక్కి, చేతులతో గింజలను తట్టలోకి ఎత్తింది. అడుగు పొర చెయ్యి పెట్టలేనంతగా కాగిపోయింది. పైపొర గోరువెచ్చగా ఉంది.

"పారతో తోడు వదినా!"

"వేళ్లు తెగుతాయి!"

"నీవా, వాటివా?"

"నోరుమూసుకుని తట్ట పట్టు!"

కబురందుకుని వచ్చిన మేనమామ ఎవరినీ తిట్టలేదు. అదే వదినను ఎక్కువ భయపెట్టింది. ఒక మొలకను అరచేతిలో పెట్టుకుని చూశాడు. "తడిగుడ్డల్లో చుట్టండమ్మా. పొద్దు వాలేలోగా మట్టిలో పడాలి."

"దున్నలేదుగా మామయ్యా?"

"గోళ్లతో గీకుదాం."

నిజంగానే గోళ్లతో గీకారు. గట్టిపడ్డ నేలలో పుల్లతో గుంట, గుంటకో మొలక, పైన చిటికెడు మట్టి. పిచ్చుకలు వాలితే మరిది చొక్కా విప్పి తరిమాడు. ఈ ఏటి విస్కీ పోయినట్టే.

తర్వాత ఎదురుచూపులు. వరస తర్వాత వరస నల్లబడి కుళ్లింది. మామయ్య రోజూ వంగి చూసి, పక్క వరసకు నడిచేవాడు. చివరికి చేను మూలన ఒక్క చాప వెడల్పు మాత్రం పచ్చబడింది.

"ఇవి ఏ తట్టలోవి?" అంది వదిన.

మరిది తల గోక్కున్నాడు. "బట్టీ గది తలుపు మూల నుంచి తీసినవి. ఆ తలుపు కింది సందు పూడ్చమని నువ్వు ఏడాదిగా నా ప్రాణం తీస్తున్నావే, అక్కడివి. చల్లగాలి తగిలి బతికినట్టున్నాయి."

"నీ బద్ధకానికో దండం."

ఆమె నవ్వబోయింది. నవ్వు రాలేదు.

ఆ చాపెడు పైరు మీద వల కప్పారు. మామయ్య మంచం అక్కడే వేసుకున్నాడు. కోతకొచ్చిన రోజు కంకులను కత్తెరతో ఒక్కొక్కటే కోసి, తెల్ల గుడ్డ మీద నలిపారు. గింజలన్నీ ఒక చోటికి చేర్చి మామయ్య దోసిలి పట్టాడు. దోసిలి నిండలేదు.

"మొదలుపెట్టినప్పుడు ఇంతే ఉన్నాయి," అన్నాడు. "అప్పుడు నా జుట్టు నల్లగా ఉండేది."

గుడ్డ మడతలో ఒక గింజ మిగిలిపోయింది. మరిది దాన్ని తీసి అలవాటుగా పళ్ల మధ్య పెట్టుకున్నాడు. వదిన ఊపిరి బిగబట్టింది.

అతను కొరకలేదు. నోట్లోంచి తీసి, చొక్కా అంచుకు తుడిచి, మామయ్య దోసిట్లో వేశాడు.