ఆయిలు తాగిన గాలిపంపు

నేను ఒక సైకిల్ పంపును. ఇనుప గొట్టం నా ఒళ్లు, చెక్క పిడి నా తల. మనుషులు కాలు వేసి తొక్కిపట్టడానికి అడుగున రెండు రెక్కలున్నాయి. లోపల ఊచ చివర గిన్నెలా వంచిన తోలు వాషరొకటి ఉండేది. ఆ తోలే నా ప్రాణం. అది మెత్తగా ఉన్నంతకాలం ఎంత పెద్ద బండి చక్రమైనా నా ముందు బలాదూర్. అది ఎండిపోతే మాత్రం నేను వట్టి గొట్టాన్ని.

ఎక్కడో ఉత్తరాదిన ఒక కార్ఖానాలో పుట్టాను. ఆ ఊరి మీద నాకేమీ బెంగ లేదు, నన్ను చేసినవాళ్లకూ నా మీద ఉన్నట్టు లేదు. ఊహ తెలిసేటప్పటికి అనకాపల్లిలో దస్తగిరి సైకిల్ షాపులో గోడకు జారబడి ఉన్నాను. మనుషుల సంగతి నాకు అక్కడే తెలిసింది. గాలి ఊరికే దొరికేదే కదా అని దస్తగిరిని అడక్కుండానే నన్ను లాక్కునేవారు. నాలుగు సార్లు కొట్టి ఆయాసపడి, "ఈ పంపులో దమ్ము లేదు" అని నన్నే తిట్టేవారు. దమ్ము ఎవరిలో లేదో నాకూ తెలుసు, దస్తగిరికీ తెలుసు.

సైకిళ్లు తగ్గిపోయి ఆ షాపులో సెల్‌ఫోన్లు అమ్మడం మొదలయ్యాక, ఊరూరా సైకిల్ మీద చేపలు అమ్ముకునే సత్తియ్య నన్ను తీసుకుపోయాడు. ఆయన మోకాళ్లు అరిగి సైకిలు మూలపడ్డ ఏడే ఆయన కూతురు చిన్నతల్లికి పూడిమడకలో వేటకు వెళ్లే ఎల్లాజీతో పెళ్లయింది. అత్తారింటికి వెళ్తున్న కూతురు సంచిలో నన్ను పెట్టి, "సముద్రం మీద బతికేవోళ్లింటికి ఎల్తన్నావు. గాలి దగ్గిరుంచుకో అమ్మా" అన్నాడు.

చిన్నతల్లి ఆ మాట మరిచిపోలేదు. పాత లారీ ట్యూబు ఒకటి సంపాదించి, దానికి ఎర్రరంగు వేసి, ఆపదొస్తే పట్టుకుని తేలడానికని మొగుడి బోటులో కట్టింది. ఆ ట్యూబుకు నోటి దగ్గర సన్నగా గాలి పోతుంది. ఎంతమంది అతుకు వేసినా ఆగలేదు. అందుకని ట్యూబుతోపాటు నేనూ సముద్రానికి వెళ్లాల్సి వచ్చింది. ప్రతి అమావాస్యకూ చిన్నతల్లి నా మూత విప్పి, తోలు మీద కొబ్బరినూనె చుక్క వేసి, పిడి పట్టుకుని ఆడించి చూసేది. ఆమె తమ్ముడు కొర్లయ్య, బావతోపాటు వేటకు వెళ్లేవాడు, నన్ను చూసి నవ్వేవాడు.

"సముద్రం మీద సైకిలు తొక్కుతావేటి బావా?"

ఎల్లాజీ కూడా నవ్వేవాడు. కానీ నన్ను బోటులోంచి దించే ధైర్యం ఇద్దరిలో ఎవరికీ లేదు. చిన్నతల్లి నోరంటే ఆ తీరమంతటికీ భయమే.

ఇక అసలు సంగతికి వస్తాను. బోటు ఇంజనుకు ఆయిలు మార్చాల్సి వచ్చింది. మెకానిక్ రేపు వస్తా, మాపు వస్తా అని తిప్పించుకుంటున్నాడు. ఎల్లాజీకి రోషం వచ్చింది. "ఇంజను నాది, సేతులు నావి. ఆడెందుకు?" అని విశాఖపట్నం హార్బరు దగ్గర సామాన్ల కొట్టుకు బయలుదేరాడు. నా రబ్బరు గొట్టం చివర ముక్కు మార్చాలని నన్నూ సంచిలో వేసుకున్నాడు. అలా ఆ బేరానికి నేనూ సాక్షినయ్యాను.

కొట్టాయన తెలివైనవాడు. ముందు సామాను చూపించలేదు, ప్రశ్న అడిగాడు. "ఇంజను కింద జాగా ఎంతుందన్నా?"

"శానా ఉంది," అన్నాడు ఎల్లాజీ. కొలవనివాడికి అంతా శానానే.

"అయితే ట్రే సాలు. కింద బోల్టు ఇప్పితే పాత ఆయిలు అందులో పడతాది. జాగా నేకపోతే మాత్రం ఇది తీసుకో." ఆయన చేతిలో ఉన్నది ఆయిలు లాగే పంపు. నాకన్నా పొట్టిది, సన్నటి గొట్టంతో ఉంది. "ఆయిలు కొలిసే కమ్మీ ఉంటాది కదా, అది తీసీసి ఆ బెజ్జంలోంచి గొట్టం దింపు. పిడి పైకి లాగితే పాతదంతా వొచ్చీసినట్టే."

ఎల్లాజీ దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. పిడి లాగి చూశాడు. "ఇంజక్షను సూదిలాగుంది. నా ఇంజనుకేటి జొరమొచ్చిందా?" అని పక్కన పెట్టేశాడు. పెళ్లి వంటల్లో పళ్లెమంత ట్రేని చంకలో పెట్టుకుని, ఒక గరాటూ కొత్త ఆయిలు డబ్బా కొనుక్కుని దర్జాగా వచ్చాడు. లారీలవాళ్లు అలా మార్చడం రోడ్డు పక్కన చూశాడట. లారీ కిందికి మనిషి దూరతాడు. బోటు కింద ఉండేది సముద్రం. ఆ తేడా అతనికి ఒడ్డున ఇంజను పెట్టె తెరిచాక గానీ తట్టలేదు.

ఇంజను కింద రెండు వేళ్ల సందు ఉంది. ట్రేని నిలువుగా పెట్టాడు, అడ్డంగా పెట్టాడు, బూతులు తిట్టాడు. అది దూరలేదు. పైన ఆయిలు పోసే మూత అప్పటికే విప్పి ఉంచాడు. అంతలో కొర్లయ్య ఈల వేసుకుంటూ వస్తున్న చప్పుడైంది. ఎల్లాజీ గబగబా మూతను సగం తిప్పి వదిలేసి, కొత్త డబ్బాను వల కింద దాచేశాడు.

"ఏటి బావా, మార్సీసేవా?"

"మార్సీసేను," అన్నాడు. ఆ ఒక్క మాట ఎంతదూరం తీసుకుపోతుందో ఆ పూట నాకూ తెలియదు.

మర్నాడు వేటలో, ఒడ్డు కనపడనంత లోపల, మధ్యాహ్నం వేళ గాలి తిరిగింది. ఒక పెద్ద కెరటం బోటు వెనక భాగాన్ని ఎత్తి కుదేసి, ఇంజనును పైనుంచి ముంచెత్తింది. ఆ దెబ్బకే నీళ్లలో తిరిగే పంకా ఊచ బోటులోకి దూరే చోట సందు పడి, నీళ్లు ఊరడం మొదలైంది. కాసేపటికి ఇంజను గొంతు మారింది. ఎల్లాజీ దాన్ని ఆపి, కమ్మీ లాగి చూశాడు. దాని మీద ఆయిలు లేదు. తెల్లగా, చిక్కగా, మజ్జిగలాంటిది ఉంది. సగం తిప్పిన మూతలోంచి సముద్రం ఇంజను లోపలికి వెళ్లిపోయింది.

"ఇలగే నడిపితే ఇంజను పట్టీసినట్టే," అన్నాడు ఎల్లాజీ. అతని గొంతు నాకు కొత్తగా వినిపించింది.

ఫోన్లకు సిగ్నల్ లేదు. గాలి మెట్టవైపు నుంచి సముద్రంలోకి తోస్తోంది. ఆ ట్రేతో కొర్లయ్య నీళ్లు తోడి పోస్తున్నాడు. ఎందుకూ పనికిరాని ట్రే కాస్తా ఆ పనికి వచ్చింది. అతను తోడుతున్నంత వేగంగానూ నీళ్లు వస్తున్నాయి. ఎర్ర ట్యూబు అప్పటికే సగం జావగారింది. ఎల్లాజీ వల తొలగించి కొత్త డబ్బా బయటికి తీశాడు. దానికి సీలు కూడా విప్పలేదు. కొర్లయ్య తోడటం ఆపి, ఆ డబ్బానూ బావ ముఖాన్నీ చూశాడు.

"మార్సీసేనన్నావు కదా బావా!"

"నేదురా. ట్రే దూరనేదు. సిగ్గేసి సెప్పనేదు."

కొర్లయ్య తిట్టలేదు. తిడితే నాకు నయంగా ఉండేది. అతను నన్ను తీసి ట్యూబు దగ్గరికి లాక్కున్నాడు. ఎల్లాజీ నా పిడి పట్టుకుని ఆపాడు.

"ఒగ్గీ బావా! గాలి కొడతాను."

"కొడితే తేల్తాం. ఎక్కడికి తేల్తాం? ఇద్దరికి ఒక ట్యూబు, అదీ కారతంది. రేపటికి ఎవుడుంటాడు? ఈ పంపు తోలు తిరగేత్తే గాలి తోసీదల్లా ఆయిలు లాగుతాదిరా. కొట్టులో సూసేను, అదీ ఇలగే ఉంది."

"తోలు పాతదైపోనాది. ఇప్పీటప్పుడు సిరిగిపోతే? అప్పుడు ఆయిలూ రాదు, గాలీ రాదు. అక్కకేటి సెప్పాల?"

ఎల్లాజీ పిడి వదల్లేదు. ఒకడు ఇటు, ఒకడు అటు పట్టుకుని ఉంటే, నేను ఎవరి పక్షమో నాకే తెలియలేదు. నిజం చెప్తాను, నాకు భయమేసింది. పుట్టినప్పటినుంచీ బయటికి ఊదడమే నా పని. లోపలికి లాగమంటే ఎలా? చిన్నతల్లి నన్ను పంపింది గాలి కోసం. ఆ గాలిని వీళ్లు పందెంలో ఒడ్డుతున్నారు.

కొర్లయ్యే ముందు చెయ్యి వదిలాడు. మళ్లీ ట్రే అందుకుని ఏడుస్తూనే నీళ్లు తోడాడు.

ఎల్లాజీ నా మూత విప్పి ఊచ లాగాడు. చివర మర విప్పుతుంటే తోలు అంచున చిన్న బీట పడింది. తోలును బోర్లించి మళ్లీ బిగించాడు. డీజిల్ తోడుకునే సన్నటి ప్లాస్టిక్ గొట్టాన్ని నా రబ్బరు గొట్టానికి అతికించి, ట్యూబు అతుకులకు తెచ్చిన రబ్బరుతో గట్టిగా చుట్టాడు. ఇంజనులో ఉన్నది మరీ చిక్కగా ఉందని, పలచబడటానికి కాస్త డీజిల్ పోశాడు. కమ్మీ బెజ్జంలోంచి గొట్టం దింపి, పిడి పైకి లాగాడు.

మొదటిసారి ఏమీ రాలేదు. రెండోసారీ రాలేదు. ఎల్లాజీ నూకాలమ్మకు మొక్కాడు, తర్వాత నాకూ మొక్కాడు. నన్ను తిట్టినవాళ్లు ఉన్నారు గానీ, నాకు దండం పెట్టినవాడు అతనొక్కడే. మళ్లీ లాగాడు. చల్లగా, జిగటగా, ఉప్పుగా ఆ పాడుది నా కడుపులోకి ఎక్కింది. పిడి కిందికి నొక్కితే తోలు పక్కనుంచి పైకి జారి, మూత సందులోంచి అతని చేతుల మీదా కాళ్ల మీదా కారింది. లాగాడు, నొక్కాడు. లాగిన ప్రతిసారీ తోలు మీది బీట కొంచెం కొంచెం లోపలికి పాకడం నాకు తెలుస్తూనే ఉంది. చెప్పడానికి నాకు నోరు లేదు. ఉన్నా చెప్పేదాన్ని కాదేమో.

పొద్దు వాలింది. నీళ్లు కొర్లయ్య మోకాళ్ల దాకా వచ్చాయి, ఇంజను అంచుకు ఇక బెత్తెడే. ఇంజను అడుగునున్న తెల్లటి నురగ గుర్రుమంటూ పైకి వస్తున్నప్పుడు నా తోలు రెండుగా చిరిగింది. పిడి ఒక్కసారిగా వదులైపోయి ఎల్లాజీ వెనక్కి పడ్డాడు. నాకు మాత్రం నా ఒళ్లు అందరూ వెళ్లిపోయిన ఇల్లులా అనిపించింది.

లోపల ఇంకా కాస్త మిగిలిందేమో ఎవరికీ తెలియదు. కొత్త ఆయిలంతా పోశాడు. మూత బిగించాడు, మళ్లీ బిగించాడు, పటకారుతో ఇంకోసారి బిగించాడు. హ్యాండిల్ తిప్పితే ఇంజను దగ్గింది, ఆగింది. కొర్లయ్య ట్రే పక్కన పడేసి తనూ చెయ్యి వేశాడు. బావా బావమరుదులు కలిసి తిప్పిన తిప్పుకు అది నల్లటి పొగ కక్కి అందుకుంది. ఇద్దరూ పెద్దగా ఏడ్చారు. తర్వాత ఒడ్డు దాకా ఒకడు చుక్కాని, ఒకడు ట్రే. పూర్తిగా జావగారిపోయిన ట్యూబును కొర్లయ్య దండలా మెడలో వేసుకునే నీళ్లు తోడాడు.

బాగా చీకటి పడ్డాక ఒడ్డు చేరాం. చిన్నతల్లి నీళ్లలోకి దిగి ఎదురొచ్చింది. మొదట తమ్ముడి మెడలో ట్యూబును నొక్కి చూసింది. తర్వాత నన్ను అందుకుని పిడి లాగింది. గాలి రాలేదు. నల్లగా, తెల్లగా ఆయిలు ఆమె చీర మీద కారింది.

ఎల్లాజీ ఏదీ దాచలేదు. ట్రే సంగతీ మూత సంగతీ అన్నీ చెప్పాడు. చిన్నతల్లి అతని చెంప పగలగొట్టింది. వెంటనే ఆ చెంపే పట్టుకుని ఏడ్చింది.

"మా నాయన గాలిచ్చి పంపేడు నన్ను. గాలి నేకుండా అంత దూరం నుంచి వొచ్చేరా? నాతోటి అబద్దమాడు, పోనీ. సముద్రం కాడ ఆడతావా!"

ఇప్పుడు బోటులో కొత్త ట్యూబూ కొత్త ప్లాస్టిక్ పంపూ ఉన్నాయి. ఎల్లాజీ మళ్లీ ఆ కొట్టుకే వెళ్లాడు. ఈసారి ఇంజను కింద సందును కొబ్బరి ఈనెతో కొలిచి, కమ్మీ బెజ్జంలో కూడా ఒక ఈనె పెట్టి చూసుకుని, రెంటినీ జేబులో వేసుకుని మరీ వెళ్లాడు. ఇంజక్షను సూది అని వెక్కిరించిన పంపునే తెచ్చుకున్నాడు. ఒడ్డున కూర్చుని, "ముందు జాగా కొలుసుకోవాల, అప్పుడు సామాను కొనుక్కోవాల" అని అందరికీ పాఠం చెబుతున్నాడు. ట్రేలో చిన్నతల్లి నెత్తళ్ల చేపలు ఎండబెడుతోంది.

నేను ఇంట్లో తలుపు వెనక ఉన్నాను. అనకాపల్లిలో దస్తగిరి లేడు, నా కొలతకు సరిపడే తోలు ఇంకెక్కడా దొరకలేదు. అయినా అమావాస్య వస్తే చిన్నతల్లి నా మూత విప్పి కొబ్బరినూనె చుక్క వేస్తుంది. దాన్ని పట్టుకోవడానికి లోపల ఏమీ లేదు, అది నేరుగా అడుగు మడ్డిలోకి జారిపోతుంది. ఆ సంగతి ఆమెకు తెలుసు, చిరిగిన తోలు ముక్కలు తీసింది తనే కదా. పిడి పట్టుకుని ఒకసారి ఆడించి చూస్తుంది. బయట బోటు తోసే కేకలు వినిపిస్తుంటాయి. ఎల్లాజీ గడప దాటుతుంటాడు.

"ఇంక నువ్వు ఎల్లకు. ఇంటికాడే ఉండు," అంటుంది, నన్ను మళ్లీ గోడకు జారవేస్తూ. ఆ మాట మొగుడితో అనడానికి లేదు కనుక నాతో అంటుంది.