మైకు స్టాండు ఎత్తు

మైకు స్టాండు మర బిగించి యూనుస్ దాని ఎదుట నిలబడి ఎత్తు చూసుకున్నాడు. జమ్మలమడుగు టెంటుహౌసులో ముప్పై ఏళ్లుగా అతని పని ఇదే: మాట్లాడేవారి నోటికి మైకు అందించడం, తాను మాట్లాడకపోవడం. అరవై దాటిన చేతుల నిండా తీగలు కోసిన మచ్చలు. చొక్కా మాత్రం ఏనాడూ ఇస్త్రీ చెదరలేదు.

సామాను ఆటోలో పెడుతుంటే యజమాని జనార్దన్ అడిగాడు.

"యాడికి మామా? గని మీటింగు లేదంట. దేశానికి శానా అవసరమైన ఖనిజమంట, ఊరోళ్లను అడిగే పన్లేదని కొత్త రూలొచ్చింది."

"వాళ్లు అడిగే పన్లేదన్నారు. మనల్ని చెప్పొద్దన్లేదు గదప్పా."

"ముప్పై ఏండ్లకు నోరు లేసిందే నీకు" అని జనార్దన్ నవ్వి, ఇంకో స్పీకరు పెట్టె తానే ఎక్కించాడు.

పన్నెండేళ్ల కిందట, మొదటి గనికి జరిగిన ప్రజాభిప్రాయ సేకరణలో, గొర్రెలు మేపే పెంచలమ్మ ప్రశ్న మొదలుపెట్టగానే వేదిక మీది అధికారి వేలు కదిపాడు. యూనుస్ వాల్యూము తగ్గించాడు. ఆమె పెదవులు కదులుతూనే ఉన్నాయి. ఆ నిశ్శబ్దం అతని చెవిని వదలలేదు.

ఇప్పుడు కొత్త గని కోసం ఆమె మేతబీడులోనే యంత్రం నేలను తొలుస్తోంది. యూనుస్ బీడు అంచున సామాను దింపి, స్టాండును ఆమె గడ్డం ఎత్తుకు దించాడు.

"మల్లా నా నోరు మూసేకి వచ్చినావా?" అంది పెంచలమ్మ.

"ఆ పొద్దు తప్పు చేసినా అక్కా. ఈ పొద్దు నువ్వు సాలనే వరకు ఆపను."

ఆమె కొంగు బిగించి, యంత్రం దగ్గరున్న గనివాళ్ల వైపు తిరిగింది.

"మొదటి గని తవ్వినాక మా బోరు నీళ్లకు గొర్రెలు మూతి పెట్టవు. అవి తాగని నీళ్లు మీరు తాగి చూపియ్యండి. అప్పుడు తవ్వండి. ఆ పొద్దు నేనడగబోయింది గూడా మా నీళ్ల గురించే."

మాట బీడు దాటి గుట్టకు తగిలింది. యంత్రం ఆగింది. ఊరివాళ్లు ఒక్కొక్కరే వచ్చి ఆమె వెనుక వరుస కట్టారు. ఆరడుగుల రామాంజులు కూడా స్టాండు ఎత్తలేదు. నడుము వంచి తన మాట చెప్పాడు. ఆంప్లిఫయరు పక్కన కుర్చీలో కూర్చున్న యూనుస్, పెళ్లికొడుకు తండ్రిలా తల ఎత్తి వింటున్నాడు.

పొద్దు వాలింది. చివరి మనిషి తప్పుకున్నాక పెంచలమ్మ మళ్లీ మైకు దగ్గరకు వచ్చింది.

"సాలప్పా యూనుసూ. ఇంక ఆపు."

యూనుస్ ఆపలేదు. అతని వేళ్లు వాల్యూము మీట మీదే ఉన్నాయి, చల్లగా. మీట చివరి గీత దాకా తిప్పి ఉంది.

అతని దేహాన్ని ఆటోలో జమ్మలమడుగుకు తీసుకుపోయారు. ఆ రోజు యంత్రం మళ్లీ కదల్లేదు. బీడులో మైకు స్టాండు ఒక్కటే నిలిచి ఉంది, మర గట్టిగా బిగించి, పెంచలమ్మ గడ్డం ఎత్తున.