ఇంటికో చెయ్యి

వార్డు సంఘం మీటింగంటే మగవాళ్ళకి మాటలు, ఆడవాళ్ళకి టీ కెటిళ్ళు. కొహమా ఊళ్ళో ఈ ఆచారాన్ని సునామీ కూడా ఊడ్చెయ్యలేకపోయింది.

నిజానికి ఈ రోజు తొమోయె టీ పొయ్యడానికి రాలేదు. మూతపడ్డ అణువిద్యుత్ ప్లాంటును మళ్ళీ తెరవాలా, లేక కొండ మీద గాలిమరలు పెట్టించాలా అన్నది ఊరు తేల్చాలి. ఇంటికి ఒకే చెయ్యి లేవాలి. భర్త కెన్సుకె ఆ మూతపడ్డ ప్లాంటులోనే కాపలా డ్యూటీకి పోతూ, బూట్లు తొడుక్కుంటూ చెప్పాడు. "ప్లాంటుకే ఎత్తు. నా ఉద్యోగం అక్కడే. నువ్వేం ఆలోచించక్కర్లేదు." హాల్లో అడుగుపెట్టీ పెట్టగానే ఎవరో ఆమె చేతికి ట్రే అందించారు.

"గాలి వీస్తేనేగా మర తిరిగేది?" అన్నాడు అధ్యక్షుడు ఒనొదెరా. "అణుకరెంటు చవకండీ. లెక్కలన్నీ వేసే చెబుతున్నాం."

చవకట! తొమోయెకి ఒళ్ళు మండిపోయింది. సునామీ దెబ్బకి దక్షిణాన ఉన్న మరో ప్లాంటు పేలి, ఆ విషపు దుమ్ము వచ్చి ఈ ఊరి మీద పడినప్పుడు ఇంటి చూరు కడిగిందెవరు? వరండా రోజూ తడిగుడ్డతో తుడిచిందెవరు? చంటిపిల్లని భుజాన వేసుకుని ముక్కూ మొహం తెలియని ఊళ్ళో తలదాచుకుని, తిరిగొచ్చాక ఏళ్ళ తరబడి బట్టలు ఇంట్లోనే ఆరేసిందెవరు? అత్తగారు ప్రతి శీతాకాలం అలవాటు మానలేక పెరటి పెర్సిమన్ పళ్ళు చెక్కుతీసి, ఎండబెట్టడానికి చూరుకి వేలాడదీసేది. రేడియేషన్ పరీక్షలో అవి తినకూడదని తేలేది. ఆవిడ ఏడుస్తుంటే వాటిని గొయ్యి తీసి పాతిపెట్టేది తొమోయె. "అంత రుద్దుతావేం పిచ్చిదానిలా? కంటికి కనపడని దానికి భయమేమిటి?" అని కెన్సుకె నవ్వేవాడు. ఆ రుద్దుడు కూలి యూనిట్ ధరలో ఎక్కడ కలిపారు వీళ్ళు? గాలిమరలు దేవతలేం కావని ఆమెకీ తెలుసు. గాలి లేనినాడు దీపాలు గుడ్డివవుతాయి. కెన్సుకె పనీ పోవచ్చు, అప్పుడు గంజి పలచన చేసి సర్దాల్సిందీ తనే. కానీ ఆగిపోయిన మరకి భయపడి ఎవరూ బిడ్డనెత్తుకుని ఊరు విడిచి పరుగెత్తక్కర్లేదు.

"ప్లాంటు తెరవాలనేవాళ్ళు?"

చాలా చేతులు లేచాయి. తొమోయె చేతులు ట్రే మీదే ఉన్నాయి.

"గాలిమరలకి?"

ముసలి జాలర్లు ఇద్దరు ముగ్గురు ఎత్తారు. తొమోయె ట్రేని తెచ్చి అధ్యక్షుడి బల్ల మీద దించి, చెయ్యెత్తింది.

ఒనొదెరా పకపకా నవ్వాడు. "పొరపాటున ఎత్తినట్టున్నావమ్మా. కెన్సుకె ప్లాంటు మనిషి కదా! వెళ్ళి ఓసారి ఇంట్లో అడిగి రా."

హాలంతా నవ్వింది. ఆమె చెయ్యి దించలేదు.

"అడిగే వచ్చానండీ. ఆ ఇల్లు కడిగినదాన్ని అడిగాను."