రెండో జత బూట్లు

పోస్ట్‌మాన్ తన గాలం కర్రను ఏటికి సమర్పించుకుని, ఒళ్ళంతా తడిసి, కుంటుకుంటూ కొట్లోకి వచ్చిన పొద్దున అక్కడ ఇద్దరే ఉన్నారు. గల్లా దగ్గర మరిది, వెనక గదిలో బాగుచేసే బల్ల ముందు వదిన.

ఈకలూ దారమూ చుట్టిన దొంగ ఈగలను ఎరగా విసురుతూ, పారే నీళ్ళలో నిలబడి చేపలు పట్టేవాళ్ళ కొట్టు అది. ఎవరి చేతికి ఏ కర్ర నప్పుతుందో, దానికి ఎంత బరువు దారం కావాలో ఎంచిపెట్టేది మరిది. విరిగినవీ చిరిగినవీ బాగుచేసేది వదిన. నాలుగు నెలల క్రితం దాకా ఆ పని ఆమె భర్తది.

"అక్కా, నా అవతారం చూశావా! బూటు అడుగు ఊడి కొట్టుకుపోయింది. బోర్లా పడ్డాను. చేపలన్నీ పగలబడి నవ్వుంటాయి."

"నిన్ను మోయడమంటే మాటలా?" అన్నాడు మరిది. "ఆ అడుగు నీకో దండం పెట్టి తన దారి తాను చూసుకుంది."

వదిన నవ్వలేదు. బూటు తిరగేసి చూసింది. నాచు పట్టిన రాళ్ళ మీద జారకుండా బూటు కింద మందపాటి ఉన్ని పొర అంటిస్తారు. ఆ పొర లేదు. అది పోవడం కాదు ఆమెను భయపెట్టింది. బూటు అడుగున జిగురు మచ్చ కూడా లేదు. జిగురంతా ఉన్నితోపాటే పోయింది. అంటే అది బూటును అసలు పట్టుకోనేలేదు.



తడి బూటులో కాగితాలు కుక్కి నాలుగు రోజులు నీడన ఉంచాలని భర్త చెప్పేవాడు. పైకి ఆరినట్టు కనిపిస్తే నమ్మొద్దనీ, లోపల తడి ఉంటే జిగురు పట్టదనీ, కొసదాకా వేలు పెట్టి చూశాకే జిగురు డబ్బా మూత తియ్యాలనీ చెప్పేవాడు. ఆయన పోయాక ఆమె మొదటిసారి బల్ల ముందు కూర్చున్న రోజున రెండు జతలున్నాయి. పైన తడిమింది. ఆరినట్టే ఉన్నాయి. అడుగులు అంటించేసింది. లోపల వేలు పెట్టి చూసిందో లేదో ఎంత తవ్వుకున్నా గుర్తు రాలేదు.

రెండో జత లెక్కల మాస్టారిది.

"మాస్టారు ఎక్కడున్నారు?"

"ఇంకెక్కడ? పొద్దున్నే కొత్త దారం పట్టుకుని ఏటి పై మలుపుకి వెళ్ళారు. ఏం వదినా?"

"ఫోన్ చెయ్యి."

"ఆయన ఫోన్ ఇంట్లో పెట్టి వెళ్తారుగా. మోగితే చేపలకి పాఠం చెడిపోతుందట."

ఆమె గోడకు ఆనించి ఉన్న ఊతకర్ర అందుకుంది. మరిది వెనక నుంచి ఏదో అడుగుతూనే ఉన్నాడు. ఆమె అప్పటికే గడప దాటేసింది.

పై మలుపు దాకా పరుగు, నడక. దారి పొడుగునా ఆమె ఒకే లెక్క వేసుకుంది. పోస్ట్‌మాన్ నిలబడిన చోట నీళ్ళు మోకాలి లోతు. మాస్టారు నిలబడే చోట నడుము దాకా. ఆయనకు దిగువన రెండు బారల దూరంలో మడుగు. అందులో కాళ్ళు ఆనవు.

మాస్టారు ఉన్నారు. ఏటి నడుమ, ఇటు వీపు పెట్టి. దారం గాల్లో వెనక్కి లేచి, ఒక్క క్షణం ఆగి, ముందుకు పోతోంది.

ఆమె పిలవబోయి నోరు మూసుకుంది. పిలిస్తే తిరుగుతారు. తిరగాలంటే కాలు ఎత్తాలి.

చెప్పులు విడిచి నీళ్ళలోకి దిగింది. చలికి పళ్ళు టకటక కొట్టుకున్నాయి. పాదాల కింద రాళ్ళు సబ్బు ముక్కల్లా ఉన్నాయి. ఊతకర్ర గుచ్చుకుంటూ, పక్కనుంచి, ఆయన కంట పడేలా నడిచింది.

"నువ్వా అమ్మాయ్!" మాస్టారు ఆశ్చర్యపోయారు. ఒకప్పుడు ఆమెకు ఎక్కాలు చెప్పినాయన. "బడి ఎగ్గొట్టినప్పుడు కూడా ఇంత దూరం రాలేదే."

"కదలకండి మాస్టారూ."

"అరవకు. చేపలు..."

"చేపలు పోతే పోనీండి! కాలు ఎత్తొద్దు. నా భుజం పట్టుకోండి."

ఆమె మొహం చూసి ఆయన దారం చుట్టేశారు. కర్ర చంకలో ఇరికించుకుని భుజం పట్టుకున్నారు. పాదాలు ఈడ్చుకుంటూ ఒడ్డు వైపు కదిలారు. ఆరడుగులు. ఏడు. ఎనిమిదో అడుగులో ఆయన కుడికాలు ఉన్నట్టుండి ముందుకు జారింది. ఆయన బరువంతా ఆమె మీద పడింది. ఆమె మోకాలు రాయికి కొట్టుకుంది. ఊతకర్ర వంగింది గాని విరగలేదు. బూడిదరంగు ఉన్ని పొర ఒకటి నీళ్ళపైకి తేలి, నెమ్మదిగా తిరుగుతూ మడుగు వైపు వెళ్ళింది. ఇద్దరూ దాన్ని చూశారు.

ఒడ్డున కూర్చున్నాక ఆమె చెప్పింది. "తప్పు నాది. లోపల తడి చూసుకోలేదు. అంటే, చూశానో లేదో గుర్తు లేదు."

"గుర్తు లేదంటే చూడలేదనే రాసుకో," అన్నారు మాస్టారు.  అడుగు పోయిన బూటు విప్పి నీళ్ళు వంచారు. "పోస్ట్‌మాన్‌కి చెప్పావా?"

"లేదు."

"చెప్పు."

సాయంత్రం చెప్పింది. అతను మొదటిసారి ఏ జోకూ వెయ్యలేదు. పడిన చోటు గుర్తొచ్చిందో ఏమో, వాపెక్కిన మోచేయి నిమురుకుంటూ, "సరే అక్కా, మళ్ళీ వెయ్యి," అని వెళ్ళిపోయాడు.

ఇది జరిగి తొమ్మిది రోజులైంది. రెండు జతలూ బల్ల మీదే ఉన్నాయి. ఆమె రోజూ కాగితాలు మారుస్తుంది. రోజూ వేలు కొసదాకా పెట్టి చూస్తుంది. తగిలేది చల్లదనమో తడో తేల్చుకోలేక మళ్ళీ కాగితాలు కుక్కుతుంది.

"వదినా, అవి ఎండి వరుగులయ్యాయి," అన్నాడు మరిది నిన్న, తనూ వేలు పెట్టి చూసి. "ఇంకా దేనికి చూస్తున్నావు?"

ఆమె ఉన్ని పొరలు నాలుగూ బూట్ల కొలతకు కత్తిరించి ఉంచింది. జిగురు డబ్బా మూత ఇంకా తియ్యలేదు.