సూరపరాజు గారి పొదుపు

నేను ఒక ఫాస్ట్ ఫుడ్ బండిని. నా కొంప ముంచినవారు సూరపరాజు గారు. బండికి కొంపేమిటని నవ్వకండి. చక్రాలున్నంత మాత్రాన నిలబడే చోటు అక్కర్లేదా? ఆయన చెడ్డవారని నేననను. చెడ్డవారైతే పార్సిల్ కట్టించుకుని తమ దారిన తాము పోయేవారు, నేనూ బాగుండేదాన్ని.

నేను పుట్టింది గోదావరి జిల్లాల్లో, రొయ్యల చెరువుల మధ్య ఉన్న ఒక ఊళ్లో. ఊరి పేరెందుకులెండి. వెల్డింగు మేస్త్రి పాత లారీ తలుపుల రేకు కోసి నాకు ఒళ్లు చేశాడు. మొదట కొన్నది మిరపకాయ బజ్జీల వీరన్న. ఏళ్ల తరబడి నా మీద నూనె ఒలకబోసి, తన మోకాళ్లు అరిగాక బేరం పెట్టాడు. తరువాత చెరుకురసం వాడొకడు వేసవంతా వాడుకుని, తొలకరి పడగానే వదిలించుకున్నాడు. చివరికి ఏసోబు, అతని భార్య రత్నకుమారి చేతికి వచ్చాను. ఏసోబు హైదరాబాదులో చైనా వంట నేర్చుకొచ్చాడు. చైనా వాళ్లు తింటే గుర్తుపట్టరనుకోండి, అది వేరే సంగతి.

నాకు ఎర్రరంగు కొట్టించి, కాలువ గట్టున రోడ్డు పక్కన నిలబెట్టాడు. ఆ చోటే మా ముగ్గురికీ ఆధారం. ఊళ్లో ప్రతి మూలా ఎవరో ఒకరు ముందే పట్టేసుకున్నారు. అక్కడినుంచి కదిపితే మళ్లీ ఇంకో చోటు దొరకదని ఏసోబుకి తెలుసు, నాకూ తెలుసు.

మా దగ్గర తినేవాళ్లంతా ఆటోవాళ్లు, రొయ్యల తలలు తీసే ఆడవాళ్లు, కాలేజీ పిల్లలు. అంతలో రొయ్య ధర పడిపోయింది. దాని వెనకే చెరువులకి తెల్లమచ్చ తెగులు. కార్లున్నవాళ్లకి కూడా ఖర్చు గుర్తొచ్చింది.

సూరపరాజు గారివి పెద్ద చెరువులు. ఆదివారం వస్తే ఇంటికొచ్చిన చుట్టాలందరినీ ఏసీ హోటలుకి తీసుకెళ్లడం ఆయన అలవాటు. ఇక కుదరదని భార్య సుభద్రాయమ్మ గారు ఉన్న రెండు కార్లలో ఒకటి అమ్మించారు, డ్రైవరుని మానిపించారు, హోటలుకెళ్లడం కట్టిపెట్టించారు.

ఒక ఆదివారం సాయంత్రం మాకు ఎడంగా ఒక కారాగింది. అద్దం రెండు వేళ్ల మేర దిగింది. హారన్ మోగింది. రత్నకుమారి పరిగెత్తింది.

"ఏముందమ్మా మీ దగ్గర?" అన్నారు రాజుగారు.

"నూడిల్సు, ఫ్రైడ్ రైసు, మంచూరియా అండి."

"ఏది చవకో అడగండి," అని పక్క సీట్లోంచి సుభద్రాయమ్మ గారి గొంతు.

"ఊరుకోవోయ్, పరువు పోద్ది!"

ఎవరూ చూడకుండా కార్లోనే తిన్నారు. ప్లేట్లు ఇంక కడగక్కర్లేదన్నట్టు తిరిగొచ్చాయి. మళ్లీ ఆదివారం మళ్లీ వచ్చారు. ఆ పై ఆదివారం, సీటు మీద సాసు ఒలికిందని ఆవిడ కేకలేస్తే, రాజుగారు కారు దిగి మా ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చున్నారు. అక్కడే మొదలైంది నా చెరుపు.

మా వైపు మనుషులకి ఒక జబ్బుంది. పక్కన మనిషుండగా ఒక్కరే తినలేరు. పక్కవాడు తక్కువ తింటే అసలు ఓర్చుకోలేరు. ఆ పూట పక్క స్టూలు మీద ఆటో పోలయ్య అరప్లేటు నూడిల్సు తింటున్నాడు.

"అదేం తిండయ్యా, పిచ్చుక పొడిచినట్టు?"

"ఆయ్, కడుపు నిండిపోయిందండి రాజుగారూ."

"నా పక్కన కూర్చుని అరప్లేటా? ఏసోబూ, ఈయనకి చికెన్ రైసు వెయ్యరా. పైన గుడ్డు కొట్టు."

"వద్దండి బాబూ!"

"వద్దంటే వింటానా?"

పోలయ్య తిన్నాడు. వెనక నిలబడ్డ ఆడవాళ్లకీ వేయించారు. కార్లోంచి సుభద్రాయమ్మ గారు తల బయటపెట్టి, "ఏవండీ, పొదుపుకొచ్చారా, పెళ్లి చెయ్యడానికొచ్చారా?" అన్నారు.

"హోటల్లో మనిద్దరి ఖర్చుకి ఇక్కడ ఇంతమంది తింటున్నారు. ఇది పొదుపు కాదేంటి?" అన్నారాయన, నిజంగా నమ్మి. ఆవిడ నుదురు కొట్టుకున్నారు. నాకూ నవ్వొచ్చింది. కానీ ఏసోబు గరిటె ఆడుతుంటే ఆ చప్పుడు నాకెంత ఇష్టమో మీకేం తెలుసు!

రాజుగారే కారు దిగారని తెలిశాక ఊళ్లో పెద్దవాళ్లందరికీ సిగ్గు పోయింది. రైసుమిల్లు వాళ్లు, ఐసు ఫ్యాక్టరీ వాళ్లు, బంగారం కొట్టు వాళ్లు, అందరూ పొదుపు చేద్దామనే వచ్చారు. వచ్చి ఒకరికొకరు తినిపించుకున్నారు. డబ్బులిచ్చే దగ్గర రోజూ కుస్తీ. ఒకరు చెయ్యి చాస్తే ఇంకొకరు ఆ చెయ్యి వెనక్కి విరిచేవారు.

"బావా, నా మీద ఒట్టే!"

"ఏసోబూ, ఆయన దగ్గర పుచ్చుకున్నావో, ఇంక నీ మొహం చూడను!"

వాళ్ల కార్లు రోడ్డుకి ఇటూ అటూ బారులు తీరాయి. బస్సులు ఇరుక్కున్నాయి. ఫిర్యాదులు వెళ్లాయి. ఒకరోజు మున్సిపాలిటీ ఆఫీసర్లు ఇద్దరు ట్రాక్టరుతో వచ్చారు. ఏసోబు మొహం పాలిపోయింది. రత్నకుమారి నన్ను రెండు చేతులా పట్టుకుంది.

"ఈ చోటు పోతే మాకింకెక్కడా లేదండి. ఆ కార్లు మావి కాదండి."

"తెలుసమ్మా. కార్లని లాక్కెళ్లలేం కదా," అన్నాడు పెద్దాఫీసరు.

అప్పుడే సూరపరాజు గారి కారొచ్చింది. నాకు ప్రాణం లేచొచ్చింది. ఆయన మాటంటే ఊళ్లో విలువ. గట్టిగా అడ్డుపడతారనుకున్నాను. ఆయన దిగి ఆఫీసర్ల మొహాలు చూశారు.

"ఏవైనా తిన్నారా బాబూ?"

"డ్యూటీలో ఉన్నామండి."

"డ్యూటీకి కడుపుండదా? మా ఊరొచ్చి ఖాళీ కడుపుతో ఎల్తారా? ఏసోబూ, వెయ్యరా!"

ఏసోబు వేశాడు. కళ్లు తుడుచుకుంటూనే వేశాడు. ట్రాక్టరు డ్రైవరుకి కూడా వేశాడు. వద్దన్నకొద్దీ రాజుగారు దగ్గరుండి వడ్డించారు. వాళ్లు తిన్నారు. చాలా బాగుందన్నారు. చేతులు కడుక్కున్నారు. నన్ను ట్రాక్టరుకి కట్టారు.

రాజుగారు బిత్తరపోయారు. తిన్నవాడు తినిపించినవాడి మాట కాదనడని ఆయన నమ్మకం, పాపం. తాడు బిగుస్తుంటే, "ఇదేంటయ్యా, ఇప్పుడే కదా తిన్నారు," అని మళ్లీ మళ్లీ అన్నారు. ఆ గొంతు వింటే నాకే జాలేసింది.

సుభద్రాయమ్మ గారు కారు దిగారు. ఎప్పుడూ దిగని మనిషి. రత్నకుమారి భుజం మీద చెయ్యేశారు.

"ఏడవకమ్మా. అమ్మేసిన కారు షెడ్డు ఖాళీగా పడుంది. పొయ్యి అక్కడ పెట్టుకోండి. ఈయన ఎవరికి పెట్టుకున్నా నా కళ్లముందే పెడతారు."

అలాగే చేశారు. షెడ్డులో సిమెంటు గట్టు కట్టించారట, కుళాయి వేయించారట. సిమెంటు గట్టున్నవాళ్లకి బండితో ఏం పని? ఏసోబు ఒక్కసారి నన్ను పడేసిన మున్సిపాలిటీ దొడ్డికి వచ్చి, గరిటెలు తగిలించే కొక్కేలు ఊడదీసుకున్నాడు. కాసేపు నా రేకు మీద చెయ్యి ఉంచి వెళ్లిపోయాడు. నేనేమీ అనుకోలేదు. వాళ్ల పొయ్యి వెలుగుతోంది, చాలు. రాజుగారు ఇంకా పొదుపు చేస్తూనే ఉన్నారని, దారిన పోయేవాళ్లని గేటు లోపలికి పిలిచి మరీ పెడుతున్నారని ఇక్కడి కాపలావాళ్లు చెప్పుకుంటుంటే విన్నాను.

నేను మాత్రం ఈ సామాన్ల దొడ్లో, విరిగిన చెత్తబళ్ల మధ్య తుప్పు పడుతున్నాను. చెరువులు పోయినవాళ్లు ఇన్నెకరాలు పోయాయని చెప్పుకుంటే నలుగురూ అయ్యో అంటారు. నా నేలకి పట్టా లేదు, పోయిందంటే నమ్మేవాళ్లూ లేరు. మీరైనా వినండి. కాలువకీ తారు రోడ్డుకీ నడుమ నేను పోగొట్టుకున్నది ఆరడుగుల రెండంగుళాల పొడవు, మూడున్నర అడుగుల వెడల్పు.