తేళ్ళ పచ్చబొట్టు

ఇప్పుడు బయలుదేరినా నల్గొండ చేరేసరికి పొద్దుగూకుతుంది, ఒక్క ఫోన్ చేస్తే చాలు, బాపు మగ్గం దిగి చొక్కా తొడుక్కుని బస్టాండులో నిలబడి ఉంటాడు, నిన్న రాత్రి ఫోన్లో ఎందుకు ఏమిటి అని కూడా అడగలేదు, నీకు కష్టమైతుందంటే వచ్చెయ్ బిడ్డా, నేనొచ్చి తోల్కపోత అన్నాడంతే, తిట్టినా బాగుండేది అనుకుంటూ మనీష చేతి తొడుగును ఇంకాస్త పైకి లాక్కుంది, కళ్ళు మండుతున్నాయి, శవాలకు పట్టించే మందు ఘాటుకో ఏడుపుకో తెలియదు, ఎదురుగా బల్లమీద ముసలామె శవం, పేరు లేదు, ఊరు లేదు, నిన్న ఆ ముంజేయి చూసే కదా ఈ హాల్లోంచి బయటికి ఉరికి గోడవారన వాంతి చేసుకుంది, ఇవాళ కూడా కత్తి పెట్టలేకపోతే పాలమూరు కాలేజీకీ డాక్టరు చదువుకూ దండం పెట్టి ఇంటికి పోవడమే, ఆ మాట బాపుతో అనేసింది కూడా.

ఎంత తేలిగ్గా అనేసింది, ఈ సీటు కోసం నీట్ మూడుసార్లు రాసింది, పదో తరగతిదాకా తెలుగు మీడియం, హైదరాబాద్ హాస్టల్లో అందరూ పడుకున్నాక ఇంగ్లీషు పేర్లు బట్టీ కొట్టింది, రెండోసారీ సీటు రాకపోతే వాడకట్టు అమ్మలక్కలు, ఇంకెన్నేండ్లు సదువుతవే, నువ్వు డాక్టరమ్మవయ్యేసరికి మాకు కండ్లు గూడ కనబడవు అని ఎకసెక్కాలాడారు, ఆండాళవ్వ ఒక్కతే కండెలు చుట్టుకుంటూ, నా మనుమరాలు నా నాడి పట్టిచూసేదాక నేను సావనే అంది, ఆ మాట అన్న మనిషి సీటొచ్చిన కబురుకు నెల ముందే పోయింది, చెవుల కమ్మలు తీశారు, ముక్కుపుల్ల రాకపోతే సబ్బు పెట్టి తీశారు, చేతిమీది తులసికోట పచ్చబొట్టు మాత్రం ఉండిపోయింది, అవ్వ ఎప్పుడూ చెప్పేదే, సొమ్ములన్ని గుంజుకుంటరు బిడ్డా, గిది మాత్రం ఎవ్వలు గుంజుకోలేరు, నా ఎంట వచ్చేది గిదొక్కటే అని, మరి ఈ ముసలామె ముంజేతిమీదా పచ్చబొట్టే, రెండు తేళ్ళు, నడుమ చుక్కలు, ఈమె వెంట వచ్చింది కూడా అదొక్కటే, దాన్ని సరిగ్గా నడిమికి కోయమంటోంది పుస్తకం, గుంజుకునే చేయి తనదే కావాలా.

జర జరుగు మనీషా, నీతోటి కాకుంటే నేను కోస్త తియ్, అంటున్నాడు పక్కనున్న సాల్మన్, హుజూర్‌నగర్ పిల్లవాడు, మంచివాడే, అయినా ఇప్పుడు జరిగితే ఇక జరిగినట్టే, అంతలో పాఠం చెప్పే వసంతలక్ష్మి మేడమ్ వచ్చి నిలబడింది, నవ్వుతుందనుకుంది, నవ్వలేదు, మనీష చూపు ఎక్కడ ఆగిందో చూసి, తేళ్ళను వేలితో మెల్లగా తడిమి, వేలెడు పక్కకు కోసినా నడుస్తది తల్లీ, తోలు తీసి పడేసేది గాదు, పుస్తకం తెరిచినట్టు తెరుస్తం, పాఠం అయినంక మళ్ళ కప్పుతం, గని చెయ్యి వణకొద్దు, వణికిందనుకో కిందున్న నరాలు తెగుతయి అంది.

చెయ్యి వణకొద్దు, ఈ మాట ముందే విన్నది, అవ్వ నోటనే విన్నది, అవ్వ చిన్నప్పుడు ఉప్పలమ్మ అని పచ్చబొట్లు పొడిచే ఆమె వాకిట్లో కూర్చోబెట్టుకుని సూదులు గుచ్చుతుంటే నెత్తురు కారిందట, నొప్పి కాలేదా అవ్వా అంటే, కాకేమే, పానం పోయినంత పనైంది, నన్ను చూసి ఆమె కండ్లల్ల గూడ నీళ్ళే, చెయ్యి మాత్రం జరంత గూడ వణకలే, వణికితే నేను లేచి ఉరుకుతుంటి, బొట్టు వంకరపోతుండె అనేది, ఎన్నిసార్లు చెప్పిందో, నొప్పి సంగతి ఒక్క ముక్కతో దాటేసి ఆ చెయ్యి సంగతే మురిపెంగా చెప్పేది, ఇన్నాళ్ళూ తను ఇక్కడ అందరివీ రాతి గుండెలనీ తనది కాదనీ, కన్నీళ్ళు వచ్చేవాళ్ళకు ఈ చదువు అచ్చిరాదనీ అనుకుంది, ఉప్పలమ్మకు రాలేదా కన్నీళ్ళు, వస్తే రానీ, కారితే కారనీ, చెయ్యి నిలిస్తే చాలు, మనీష ఎడమ చేత్తో ముసలామె మణికట్టు పట్టుకుంది, నాడి చూసే చోటే, అవ్వకు చూడలేకపోయిన చోటే, తేలు కొండికి వేలెడు దూరంలో కత్తి ఆనించింది, చెంపల మీంచి నీళ్ళు జారుతూనే ఉన్నాయి, కత్తి సూటిగా పోతోంది, తేళ్ళు రెండూ చెక్కుచెదరలేదు, క్లాసు అయిపోగానే ఫోన్ చేయాలి, బాపు బస్టాండుకు రానక్కర్లేదు.